ఆపుకోవడం

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే నేను ఎనిమిదో తరగతి పిల్లలందరి ముందు తడిసిపోయాను.

వానకు కాదు. వానలింకా మొదలవలేదు. ప్రసవ సెలవు ముగించుకుని మళ్ళీ గ్రౌండులోకి దిగాను. పిల్లల చేత జంపింగ్ జాక్స్ చేయించాలి. చేసి చూపించకుండా చేయించడం నాకు చేతకాదు. విజిల్ ఊది, చేతులు పైకెత్తి, నేనే ముందు గెంతాను. మొదటి గెంతుకి లోపల ఏదో జారినట్టయింది. రెండో గెంతుకి అదేమిటో అర్థమైంది. ఆపుకుందామని చూశాను. ఆపుకోవడానికి అక్కడ నా మాట వినేది ఏదీ లేదు. బూడిదరంగు ట్రాక్ ప్యాంటు మీద మరక తొడల మధ్య నుంచి మోకాళ్ళ దాకా పాకింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో ఆడపిల్లలు నవ్వలేదు, నేల చూశారు. నవ్విన వాళ్ళకంటే వాళ్ళని చూస్తేనే నాకు ఎక్కువ మండింది. అప్పుడే నేర్చేసుకున్నారు, ఇలాంటప్పుడు నేల చూడాలని.

పక్క కోర్టులో వాలీబాల్ ఆడిస్తున్న ఉదయ్ భాస్కర్ సార్ కూడా చూశాడు. చూసి, తల తిప్పుకుని, "మేడం, మీరు పోండ్రి. క్లాసు నేను చూస్కుంట," అని పిల్లల్ని తనవైపు పిలుచుకున్నాడు. ఆ మంచితనానికి అతన్ని ఒక్కటి కొట్టాలనిపించింది.

నేను ఎలీనాని. ఆ బడిలో పీఈటీని. కాలేజీ రోజుల్లో రాష్ట్రస్థాయి పోటీల్లో హర్డిల్స్ పరిగెత్తినదాన్ని. నా ఒళ్ళే నా చదువు, నా ఒళ్ళే నా జీతం. కానుపు అయ్యాక తుమ్మితే, దగ్గితే కాస్త తడవడం నాకు తెలుసు. పచ్చి ఒళ్ళు కదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. అదే సర్దుకోలేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ హదస్సా మేడం పిలిపించింది. అప్పటికే ఆవిడకి కబురు మోసేశారు.

"కూర్చో ఎలీనా."

కూర్చోలేదు. ఆవిడ గదిలో కుర్చీలకి గుడ్డ సీట్లు.

"లైబ్రరీలో మనిషి లేరు. ఈ ఏడాదికి నువ్వు అక్కడ కూర్చో. పంద్రాగస్టు మార్చ్ పాస్ట్ ఉదయ్ భాస్కర్ చేయిస్తాడు."

"నేను అడగలేదు మేడం."

"నీ మంచికే చెప్తున్నా. ఇప్పుడు నువ్వు తల్లివి. ఇంకా ఈ గెంతులూ పరుగులూ ఏంటి? మేమంతా కనలేదా? ఒళ్ళు మునుపట్లా ఉంటుందా ఎవరికైనా?" అంది ఆవిడ, నా ప్యాంటు వైపు చూడకుండా ఎంతో జాగ్రత్తగా.

"మీకూ ఇలా అయిందా మేడం?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "అదంతా ఇక్కడెందుకు? సోమవారం నుంచి లైబ్రరీ," అని ఫోను అందుకుంది.

*

మేముండేది కార్ఖానా అనే పేటలో, ఒక మేడ మీద రెండు గదుల వాటాలో. నేనూ, రైల్వే ఆఫీసులో పనిచేసే నా భర్త జెరెమియా, పాప, పాపని చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య రోసమ్మగారు. ఆవిడ అసలు టీచరు. జెరెమియా చిన్నప్పుడే ఉద్యోగం మానేశారు. ఆ సంగతి తెలియని వాళ్ళు మా సంఘంలో లేరు. "హెడ్‌మిస్ట్రెస్ పోస్టు ఇస్తామంటే, నా కోసం వద్దనుకుని ఇంట్లో కూర్చుంది మా అమ్మ," అని జెరెమియా చెప్పుకోని క్రిస్మస్ లేదు. మదర్స్ డే నాడు చర్చిలో మైకు పట్టుకుని కూడా చెప్పాడు. మామయ్యగారు పోయాక అది ఇంకాస్త పెద్ద కథ అయింది.

ఆ సాయంత్రం నేను జరిగింది చెప్పాను. అత్తయ్య పాపని జెరెమియా ఒళ్ళో పడుకోబెట్టి లోపలికి వెళ్ళి, చేతిలో మడతపెట్టిన గుడ్డల దొంతరతో తిరిగొచ్చారు.

"పాత నేతచీరల ముక్కలు. ఇవి పెట్టుకో అమ్మాయ్. కొట్లో కొనేవాటి కంటే మెత్తగా ఉంటాయి, ఒరుసుకోవు. బడికెళ్ళే ముందు నీళ్ళు తాగమాక. బిడ్డని కన్నాక ఇట్టాగే ఉంటది. దానికి అట్టా మొహం పెట్టుకుంటే ఎట్టా?"

"ఎన్నాళ్ళు ఉంటుంది అత్తయ్యా?"

"ఉంటది," అన్నారు ఆవిడ. అంతే.

జెరెమియాకి లైబ్రరీ మాట నచ్చింది. "మంచిదే కదా ఎలీనా? ఎండలో పడి అరిచే పని తప్పుతుంది. జీతం తగ్గించరు కదా? అయినా పాప కోసం ఆ మాత్రం వదులుకోలేవా? మా అమ్మ హెడ్‌మిస్ట్రెస్ పోస్టే..."

"ఆ కథ ఇంకొక్కసారి చెప్పావంటే ఈ విజిల్ నీ చేత మింగిస్తాను," అన్నాను.

నా నోటి నుంచి అలాంటి మాట ఆ ఇంట్లో అదే మొదటిసారి. అత్తయ్య కోప్పడతారనుకున్నాను. ఆవిడ గుడ్డలు మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

*

పాపని కన్న నర్సింగ్ హోమ్‌కే వెళ్ళాను. డాక్టరు నన్ను గుర్తుపట్టింది. పాప బరువెంత పెరిగిందని అడిగింది, టీకాలు వేయించారా అని అడిగింది. నా సంగతి చెప్తుంటే మాత్రం తల వంచుకుని రాసుకుంటూనే ఉంది.

"నార్మల్ డెలివరీ కదా. పాప కూడా బొద్దుగా పుట్టింది. అలా అవుతుంది. ఏడాది చూడండి. అప్పటిదాకా ప్యాడ్స్ వాడండి."

"ఏడాదికి తగ్గకపోతే?"

"అప్పుడు చూద్దాం."

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా డాక్టర్?"

"చాలామందికి అవుతుందమ్మా."

"చాలామందికి అవుతుందని తెలిసి ఒక్కరికీ చెప్పరా?"

అప్పుడు తలెత్తింది. "ఇవన్నీ చెబుతూ కూర్చుంటే భయపడిపోయి ఆపరేషన్ చేసెయ్యమంటారు. మీరు చదువుకున్నవారు, మీరే ఇలా మాట్లాడితే ఎలా? బయట ఎంతమంది ఉన్నారో చూశారా?"

చూశాను. వరసగా కూర్చుని ఉన్నారు, పొట్టల మీద చేతులు పెట్టుకుని. నాకు నొప్పులొచ్చిన రోజు గుర్తొచ్చింది. బిడ్డ తొందరగా బయటికి రావాలని ఒక ఆయా స్టూలెక్కి నా పొట్టని మోచేత్తో నొక్కింది. నేను అరిస్తే, "గట్టిగ ముక్కమ్మా, అరిస్తే బిడ్డ వస్తదా?" అని కసిరింది. ఇంటికి పంపేటప్పుడు పాపకి ఏ నెలలో ఏ టీకానో అచ్చేసిన కార్డు ఇచ్చారు. నా సంగతి చెప్పే కార్డు ఎవరూ అచ్చెయ్యలేదు. నేను బిడ్డ వచ్చిన డబ్బాని. బిడ్డని తీసుకున్నాక డబ్బా సంగతి ఎవరిక్కావాలి?

ఆ కుర్చీల వరస ముందు నిలబడి, మీకందరికీ ఇలాగే చేస్తారు అని అరుద్దామనుకున్నాను. అరవలేదు. అరిస్తే కూడా తడిచేది.

*

జూలై అంతా లైబ్రరీలో కూర్చున్నాను. కిటికీలోంచి గ్రౌండు కనిపించేది. వానలు దిగాయి. వాన వెలిసినప్పుడల్లా ఉదయ్ భాస్కర్ సార్ పిల్లల్ని వరసలు కట్టించేవాడు. నీళ్ళు తాగడం తగ్గించేశాను. దాంతో పాలు తగ్గాయి, మూత్రంలో మంట మొదలైంది. మంటకి మాత్రలు వాడాను. స్టాఫ్ రూములో ఎవరైనా జోకు చెబితే లేచి వెళ్ళిపోయేదాన్ని. నవ్వు కూడా నాకు భయమే. ఇంట్లో జెరెమియా దగ్గరికొస్తే విదిలించేదాన్ని. అతను పాపకి అటువైపు పడుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకని నన్ను ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒకరోజు ఆటసామాన్ల గదిలో ఉదయ్ భాస్కర్ సార్ వాలీబాల్‌కి గాలి కొడుతున్నాడు. నన్ను చూసి ఆగి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టి, ఆ బంతితో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"మేడం, ఒక మాట. తప్పుగ అనుకోకుండ్రి. మా అక్క ఊర్మిళ అని ఫిజియోథెరపిస్టు. రెజిమెంటల్ బజార్ల క్లినిక్. డెలివరీ అయిన ఆడోళ్ళకి గిదే చూస్తది."

"ఏది?" కావాలనే అడిగాను.

"గదే మేడం. మీ తక్లీఫ్."

"నా గ్రౌండు తీసుకుని నాకు వైద్యం చెప్తున్నారా సార్?"

అతను పంపు పక్కన పెట్టేశాడు. "గ్రౌండు నేనేడ తీసుకున్న మేడం? వాళ్ళు నా నెత్తిమీద పెట్టిండ్రు. నాకు బాల్ ఆడిపిచ్చుడు వస్తది గానీ మార్చ్ పాస్ట్ రాదు. లెఫ్ట్ అంటే సగం మంది రైట్ వేస్తున్రు. రోజూ పరేషానే. మీరు మళ్ళ వస్తే నా ప్రాణం హాయిగ ఉంటది. అంతే." బంతి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతని మీద కోపంగా ఉండటం కూడా కుదరనివ్వలేదు.

*

స్టీలు సామాన్ల కొట్టు పక్క నుంచి ఇరుకు మెట్లు. పైన రెండు గదులు. ఊర్మిళకి నలభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంది. నేను చెప్పినదంతా నా మొహంలోకి చూస్తూ వింది. జూన్ నుంచి నా మొహం చూసి ఈ మాట విన్న మొదటి మనిషి ఆమె. తర్వాత తలుపు వేసి, నా అనుమతి అడిగి, పరీక్ష చేసింది.

"కండరం చిరిగిపోలే. సాగి, వట్టిగ పడుకుంది. నువ్వు ఆపుకోమంటే దానికి వినవస్తలేదు. ఇప్పుడు చూడు, మూత్రం ఆపుకున్నట్టు, వెనక గాలి గూడ ఆపుకున్నట్టు లోపలికి లాగు. పిడికిలి బిగించినట్టు కాదు. లోపలికి, పైకి. ఊపిరి ఎందుకు బిగబట్టినవ్? వదులు. తొడలు బిగించకు. పిర్రలు బిగించకు. ఆ... గది. పట్టుకో. ఇప్పుడు పూరా వదిలెయ్."

నాకు తెలిసిందల్లా వణుకు. చేతికి దొరికీ దొరకని దారప్పోగు లాంటి కదలిక. ఒళ్ళంతా చెమట పట్టింది.

"నేను పీఈటీని," అన్నాను. "ఒంట్లో కండరాలన్నిటి పేర్లూ పరీక్షకి రాశాను. తొడ వెనక ఎన్ని, పిక్కలో ఎన్ని, అన్నీ చెప్తాను. ఇది ఉందని మాకు ఎవరూ చెప్పలేదు."

"నాకు గూడ కాలేజీల ఒక్క పూట చెప్పిండ్రు. నాకు కొడుకు పుట్టి, నాకే అయినంక మళ్ళ పోయి నేర్చుకున్న," అంది ఊర్మిళ. "చిన్నపిల్లల తల్లులు వస్తరు, ఏడుస్తరు. నువ్వేమో కోపం మీదున్నవ్. మంచిదే. ఏడ్చేటోళ్ళు నడుమనే మానేస్తరు."

నీళ్ళు బాగా తాగమంది. ఒంటికి పోస్తూ పోస్తూ మధ్యలో ఆపి చూసుకోవద్దంది. తుమ్మో దగ్గో వచ్చే ముందే లోపలికి లాగి పట్టుకోమంది. గెంతులు ఇప్పుడే వద్దంది. "మూడు నెలలు రోజూ చెయ్యాలె. తేడా అంతకు ముందే తెలుస్తది. అందరికీ గిట్లనే పూరా తగ్గుతదని చెప్పను. తగ్గకపోతే పెద్ద డాక్టర్లున్నరు, వేరే దారులున్నయ్. కానీ సగం మంది ఈ మెట్లెక్కకనే బతుకంతా గుడ్డలు పెట్టుకుంటున్రు."

మెట్లు దిగుతూ రెండు చెంబుల నీళ్ళు తాగేంత ధైర్యం వచ్చిందని చెప్పాలని ఉంది. రాలేదు. ఇంత చిన్న సంగతి, చాప మీద పడుకుని చేసుకునే పని, దీనికోసం నన్ను లైబ్రరీలో పారేశారా అని ఒళ్ళు ఇంకా మండిపోయింది.

*

ఇంట్లో చాప పరిచి పొద్దున్నే చేసేదాన్ని. అత్తయ్యకి నచ్చలేదు. "ఏం చేస్తున్నావని వాడు అడిగితే ఏం చెప్తావే? సిగ్గు కాదూ?" అనేవారు. చెప్పేశాను, అతను అడగకుండానే. జెరెమియా "ఓహో" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

రెండు వారాలకి దారప్పోగు తాడయింది. తుమ్ము వస్తే ముందే పట్టుకోగలిగాను. అత్తయ్య ఇచ్చిన గుడ్డలు వాడటం మానేసి, అలమరలో పెట్టేశాను.

ఆగస్టు మొదట్లో ముసురు పట్టింది. గాలి లేదు, వెలుతురు లేదు, ఏదీ ఆరడం లేదు. బడి నుంచి తడిసి వచ్చి, గొడుగు ఆరేద్దామని వెనక వరండాలోకి వెళ్ళాను. రేకు కింద దండెం మీద, అత్తయ్య చీర వెనకాల దాచినట్టు, నేతగుడ్డల ముక్కలు వరసగా వేలాడుతున్నాయి. నావి కావు. నావి అలమరలో ఉన్నాయి.

అత్తయ్య పాపని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చారు. నేను గుడ్డల వైపు చూడటం చూశారు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏవిటి ఎప్పట్నుంచి?"

"అత్తయ్యా."

ఆవిడ పాప తల మీద చెయ్యి వేసి నిమిరారు. "వాడు పుట్టినప్పట్నుంచి."

జెరెమియాకి ముప్ఫై రెండేళ్ళు.

నాకు జాలి కలగాల్సింది. కథల్లో అయితే కలుగుతుంది. నాకు కలగలేదు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. పాప ఉలిక్కిపడింది. "నేను కడుపుతో ఉన్నప్పుడు శొంఠి ఎంత తినాలో చెప్పారు, నడికట్టు ఎట్లా కట్టాలో చెప్పారు. ఇది ఒక్కటి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి? కనడం మానేసేదానివా?"

"డాక్టర్‌ని నిలదీసేదాన్ని! ముందే ఏదో ఒకటి చేసేదాన్ని! గ్రౌండులో పిల్లల ముందు... మీకు తెలుసు! తెలిసి గుడ్డలిచ్చారు నాకు!"

"గుడ్డలు కాక నా దగ్గర ఇంకేముందే ఇవ్వడానికి?" ఆవిడ కూడా అరిచారు. రోసమ్మగారి గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. "నాకెవరు చెప్పారు? మా అమ్మని అడిగితే, ఆడదానికి ఇదంతా ఉంటదే, నోరు మూసుకో అంది. మూసుకున్నా. హెడ్‌మిస్ట్రెస్‌ని చేస్తామన్నారు. చెయ్యక ముందే, ఒకరోజు ప్రేయర్‌లో పెద్ద మేడం రాలేదని నన్ను నిలబెట్టారు. బడంతా ముందుంది. పాట ఎత్తుకున్నా. సగంలో దగ్గొచ్చింది. తెల్లచీర మీద..." ఆగారు. "మర్నాడు రాజీనామా ఇచ్చా. ఏవని చెప్పను? చంటోడి కోసమని చెప్పా. అందరూ మెచ్చుకున్నారు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి మరీ మెచ్చుకున్నారు."

వాకిట్లో చప్పుడైంది. జెరెమియా పాల ప్యాకెట్లతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. బూట్లు కూడా విప్పలేదు. చొక్కా మీంచి నీళ్ళు కారుతున్నాయి.

పాపే ఏడుస్తోంది.

అతను పాలు ఫ్రిజ్‌లో పెట్టాడు. వరండాలోకి వచ్చి, మా ఇద్దరి మధ్య నుంచి నడిచి, దండెం మీద గుడ్డలన్నీ తీసుకున్నాడు. లోపలికెళ్ళి ఇస్త్రీపెట్టె స్విచ్ వేశాడు. ఒక్కొక్క ముక్కా బల్ల మీద పరిచి, తడి ఆవిరయ్యేదాకా రుద్ది, మడతపెట్టాడు. అత్తయ్య "ఒరే, నువ్వెందుకురా, వదిలెయ్యి," అంటూనే ఉన్నారు. అతను వదల్లేదు. చివరి గుడ్డ మడత పెట్టాక మాత్రం, "నాన్నకి తెలుసా?" అని అడిగాడు.

"తెలియనివ్వలేదు," అన్నారు అత్తయ్య.

జెరెమియా ఆ కథ మళ్ళీ ఎక్కడా చెప్పలేదు.

*

అత్తయ్యని రెజిమెంటల్ బజార్‌కి తీసుకెళ్ళడానికి నేను బతిమాలలేదు. ఇంకా మాటలు సరిగా లేవు మా మధ్య. "శనివారం వెళ్తున్నాను, వస్తే రండి," అన్నాను. ఆవిడ పాపని జెరెమియాకి అప్పగించి, తెల్లచీర కాకుండా ముదురు నీలం చీర కట్టుకుని, ఆటో ఎక్కి కూర్చున్నారు.

ఊర్మిళ ఆవిడని పరీక్ష చేసింది. లోపల గర్భసంచి కొంచెం జారిందనీ, దాన్ని స్పెషలిస్టుకి చూపించాలనీ చెప్పింది. "వ్యాయామం మాత్రం ఇయ్యాల్నే షురూ చేద్దాం అమ్మా. ఈ వయసుల నిదానంగ అయితది. కానీ అయితది."

అత్తయ్య చీర సర్దుకుని లేచి కూర్చున్నారు. తర్వాత అడిగారు: "ఇది కొత్తగా వచ్చిందా అమ్మా, ఈ వ్యాయామం?"

"లేదమ్మా. మీరు పుట్టకముందే ఉంది."

"అంటే మా జెరెమియా పుట్టినప్పుడు..."

"ఉండె."

ఆటోలో ఆవిడ పక్కకి తిరిగి, వాన పడుతున్న రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. క్లాక్ టవర్ దాటాక ఇటు తిరిగారు. కళ్ళు పొడిగా ఉన్నాయి. పొద్దున్నా సాయంత్రం బైబిలు తెరవకుండా ముద్ద ముట్టని మా అత్తయ్య, స్త్రీల సమాజంలో పదిహేనేళ్ళు సెక్రటరీగా చేసిన మనిషి, "నాకు పురుడు పోసిన ఆ డాక్టరు ముండ ఇంకా బతికే ఉందంటావా?" అని అడిగారు.

"ఎందుకు?"

"ఊరికే అడుగుతున్నా," అన్నారు పళ్ళు బిగించి.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "నువ్వు రోడ్డు చూసి నడుపు నాయనా," అన్నారు అత్తయ్య.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు చాపలు.

*

పంద్రాగస్టుకి వారం ముందు హదస్సా మేడం గదికి వెళ్ళాను. ఈసారి గుడ్డ సీటు మీద కూర్చున్నాను.

"మేడం, మార్చ్ పాస్ట్ నేను చేయిస్తాను. ఉదయ్ భాస్కర్ సార్ కూడా అదే కోరుతున్నాడు. గెంతులు ఇంకో రెండు నెలలు చెయ్యను, చేయిస్తాను. కింద ఉన్న స్టాఫ్ టాయిలెట్లలో ఒకటి ఆడవాళ్ళకి ఇవ్వండి. రెండంతస్తులు ఎక్కితే గానీ మాకు లేదు."

"నిన్ను బాగా చూసుకుందామనే లైబ్రరీ ఇచ్చాను ఎలీనా. మళ్ళీ అందరి ముందూ అలా అయితే?"

"అయితే బట్టలు మార్చుకుని వస్తాను. పిల్లలు మోకాళ్ళు పగలగొట్టుకుంటే కట్టు కట్టి మళ్ళీ ఆడిస్తున్నాం కదా, ఇంటికి పంపేస్తున్నామా? నాకూ అంతే."

"పేరెంట్స్ ఏమంటారు?"

"ఆ పేరెంట్స్‌లో సగం మంది తల్లులు మేడం."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, తుడుచుకుంది. ఎందుకో నా వైపు చూడకుండానే, "ఆ ఫిజియో నంబరు అక్కడ రాసిపెట్టి వెళ్ళు," అంది. ఎవరి కోసమని నేను అడగలేదు. టాయిలెట్ ఇంకో నెలకి గానీ ఇవ్వలేదు. అది కూడా మగ మాస్టార్లు గునుస్తూ ఇచ్చారు. పంద్రాగస్టు నాడు పిల్లలు లెఫ్ట్ అంటే లెఫ్టే వేశారు. ఎవరూ చప్పట్లేమీ ప్రత్యేకంగా కొట్టలేదు. విజిల్ గట్టిగా ఊదినప్పుడు ఒకసారి కాస్త తడి తగిలింది. లాగి పట్టుకున్నాను, నడిపించాను.

*

ఆ వానలు తగ్గుముఖం పడుతుండగా జెరెమియా బాబాయి కూతురు క్యారల్‌కి బాబు పుట్టాడు. అదే నర్సింగ్ హోమ్. చూడటానికి అందరం వెళ్ళాం. గదినిండా మనుషులు. క్యారల్ భర్త లూకా కాజు బర్ఫీ పంచుతున్నాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. బాబు ముక్కు ఎవరిదని వాదన జరుగుతోంది. క్యారల్ గోడవైపు జరిగి, దుప్పటి నడుము దాకా లాక్కుని, దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాళ్ళు ముడుచుకుంటోంది. నేను చూశాను. అత్తయ్య నాకంటే ముందే చూసినట్టున్నారు.

రౌండ్స్‌కి డాక్టరు వచ్చింది. బాబుని చూసింది, కుట్లు ఎలా ఉన్నాయంది, "అంతా బాగుంది, రేపు వెళ్ళిపోవచ్చు," అంది.

"డాక్టరమ్మా," అన్నారు అత్తయ్య, "ఈ పిల్లకి ఒంటికి ఆపుకునే వ్యాయామం చెప్పారా?"

పాస్టరుగారు దగ్గారు.

డాక్టరు నన్ను చూసింది, అత్తయ్యని చూసింది. "అమ్మా, ఇప్పుడే కదా కనింది. మొదటి రోజే ఇవన్నీ చెప్పి ఎందుకు భయపెట్టడం?"

"భయపెట్టొద్దనే నాకూ చెప్పలేదు. ముప్ఫై రెండేళ్ళు గుడ్డలు పెట్టుకున్నా," అన్నారు రోసమ్మగారు, స్త్రీల సమాజంలో హాజరు పిలిచే గొంతుతో, బర్ఫీ పళ్ళేల మధ్య, అందరికీ వినబడేలా. "దీనికీ చెప్పలేదు, నా కోడలికి. చంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఇది పడ్డ పాట్లు నేను చూశా. ఇక చాలు. మీరంతా బయటికి నడవండి కాసేపు. పాస్టరుగారూ, మీరు కూడా."

జనం కదిలారు. లూకా బర్ఫీ డబ్బా పట్టుకుని వాళ్ళ వెనకే గుమ్మం దాకా వెళ్ళాడు.

"నువ్వెక్కడికిరా?" అన్నారు అత్తయ్య. "రా. వచ్చి ఆ మంచం మీద కూర్చో. నువ్వు వినాలి."

లూకా వచ్చి క్యారల్ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. జెరెమియా తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. అతన్ని ఎవరూ ఉండమనలేదు.

డాక్టరు గడియారం చూసుకుంది. వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. కూర్చోనూ లేదు. నర్సు చేతిలో ట్రే పట్టుకుని ఆమె మొహం వైపు చూస్తోంది.

క్యారల్ దుప్పటి గుప్పిట్లో బిగించి నన్ను చూసింది. "వదినా, నాకు... పొద్దున్నుంచి..." అంది. ఆ మాట పూర్తిచెయ్యలేక కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"తెలుసు," అన్నాను, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని. "ఏడవకు. కోపం తెచ్చుకో. ముందు ఊపిరి వదులు."